నల్లగోడల ఊళ్ళో రాగి బట్టీలు: కోన్యాక్‌లో అయిదు రోజులు

కోన్యాక్ ఫ్రాన్స్‌కు పడమటి వైపున, తన పేరుతోనే బ్రాండీ కాచే ఊరు. దాన్ని చూడాలంటే ఎండాకాలం వెళ్ళకండి. జులై, ఆగస్టుల్లో ఊరు అందంగానే ఉంటుంది, నది ఒడ్డున కుర్చీలు వేస్తారు, హౌస్‌లని పిలిచే పెద్ద బ్రాండీ కంపెనీలన్నీ తలుపులు తీస్తాయి. కానీ బట్టీలు చల్లగా, తుడిచిన ఇత్తడి బిందెల్లా మెరుస్తూ ఉంటాయి. వాటి కింద మంట ఉండదు. ఆ ఏటి పంటను మార్చి 31 లోపు కాచి ముగించాలని అక్కడి చట్టం. అందుకని ఈ ప్రయాణానికి ఫిబ్రవరి మంచిది. చలి ఉంటుంది, కొన్ని హౌస్‌లు చలికాలం సందర్శనలు తగ్గిస్తాయి, ప్రతిచోటా ముందుగా రాసి సమయం తీసుకోవాలి. అయినా బట్టీ కింద మంట చూడటానికి అదే కాలం.

మన వైన్ షాపుల్లో బ్రాండీ పేరుతో అమ్మే సరుకులో ఎక్కువ భాగానికి ఆధారం మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన స్పిరిట్. ఇక్కడిది ద్రాక్ష వైన్‌ను రెండుసార్లు కాచి, ఓక్ పీపాలో కనీసం రెండేళ్ళు ఉంచిన సరుకు. పేరొకటే, జాతి వేరు.

అయిదు రోజులూ ఒకే ప్రశ్న దగ్గర పెట్టుకుని తిరిగితే ఊరు బాగా అర్థమవుతుంది. అందరిదీ ఒకే ద్రాక్ష. అందరిదీ ఒకే ఆకారపు బట్టీ. అందరికీ ఒకే చట్టం. అయినా ఇక్కడి రెండు పెద్ద హౌస్‌లు, మార్టెల్ సీసా, రెమీ మార్టిన్ సీసా ఒకేలా ఎందుకు ఉండవు?

మొదటి రోజు: ఊరు

పారిస్‌లో మోంపర్నాస్ స్టేషన్ నుంచి టీజీవీ అనే వేగం రైల్లో అంగూలెమ్ సుమారు రెండు గంటలు. అక్కడ దిగి చిన్న ప్రాంతీయ రైలు ఎక్కితే జార్నాక్ మీదుగా నలభై నిమిషాల్లో కోన్యాక్. బోర్డో వైపు నుంచి వచ్చినా అంగూలెమ్‌లోనే మారడం సుఖం. చిన్న రైళ్ళ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి పారిస్ రైలు అరగంట ఆలస్యమైనా ఇబ్బంది లేకుండా టికెట్ తీసుకోండి. స్టేషన్ ఊరికి దక్షిణాన ఉంటుంది, పాత ఊళ్ళోకి పావుగంట నడక.

నడుస్తుంటే ముందు కళ్ళకు తగిలేది గోడల నలుపు. తెల్లటి సున్నపురాయి గోడలు, పెంకులు, చెట్ల మొదళ్ళు అన్నీ పొగ చూరినట్టు ఉంటాయి. పొగ కాదు, బూజు. పీపాల్లోంచి ఆవిరయ్యే ఆల్కహాల్ తిని బతుకుతుంది. 1872లో బోదోయిన్ అనే స్థానిక రసాయన శాస్త్రవేత్త దీన్ని గమనించి రాశాడు. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం బోదోయినియా కోంప్నియాసెన్సిస్, అంటే ఆయన పేరూ ఈ ఊరి పేరూ కలిపి పెట్టింది. బోర్డు లేని వీధిలో కూడా ఏ గోడ వెనక సరుకు ఉందో ఈ నలుపు చెప్పేస్తుంది. కొత్తగా వెల్ల వేసినా కొన్నేళ్ళకే మళ్ళీ వస్తుంది.

షారాంత్ నది ఒడ్డుకు వెళ్తే కోట. 1494లో ఫ్రెంచి రాజు మొదటి ఫ్రాన్సువా పుట్టింది ఇక్కడే. ఫ్రెంచి విప్లవం తర్వాత 1796లో ఒటార్ అనే వ్యాపారి కొని, మందపాటి గోడలూ నది తేమా పీపాలకు బాగుంటాయని గోదాము చేసుకున్నాడు. రాజుగారి ఇల్లు కాస్తా సరుకు కొట్టు అయింది. చూడదగ్గదే, కానీ ఒక గంట చాలు.

అసలు చరిత్ర నదిలో ఉంది. మొదట ఈ ఊరు బతికింది ఉప్పు వ్యాపారం మీద. తీరం నుంచి ఉప్పు పైకి వచ్చేది, వైన్ కిందికి పోయేది. ఉప్పు కోసం, వైన్ కోసం వచ్చిన డచ్చివాళ్ళు ఇక్కడి పలచటి పుల్ల వైన్ ఓడలో చెడిపోతోందని దాన్ని కాచడం మొదలుపెట్టారు. కాచితే చెడదు, చోటు తక్కువ పడుతుంది. వాళ్ళు దాన్ని కాల్చిన వైన్ అనే అర్థంలో బ్రాండెవైన్ అన్నారు. బ్రాండీ అందులోంచి పుట్టిన మాటే. గబార్ అనే చదునైన పడవల్లో పీపాలు తొన్నే-షారాంత్ రేవుకు దిగేవి, అక్కడ సముద్రపు ఓడ ఎక్కేవి.

హౌస్‌ల పేర్లు గమనించండి. జాన్ మార్టెల్ ఇంగ్లిష్ చానెల్‌లోని జెర్సీ ద్వీపంవాడు, 1715లో ఇక్కడికొచ్చి వ్యాపారం పెట్టాడు. రిచర్డ్ హెన్నెసీ ఐర్లండ్‌లోని కోర్క్ నుంచి వచ్చి ఫ్రెంచి రాజు సైన్యంలో చేసినవాడు, 1765లో కొట్టు తెరిచాడు. జార్నాక్‌లో హైన్ హౌస్ పేరు ఇంగ్లండ్‌లోని డార్సెట్ నుంచి వచ్చిన మనిషిది. కొనేవాళ్ళు లండన్, డబ్లిన్, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటే అమ్మేవాళ్ళకు వాళ్ళ భాష, వాళ్ళ బంధువులు కావాలి మరి. ఫ్రాన్స్ గర్వపడే సీసా మీద వయసు చెప్పే వీఎస్, వీఎస్ఓపీ అని ఇంగ్లిష్ పొడి అక్షరాలు ఉండటానికి కారణం ఇదే. ఇప్పటికీ తయారైన దాంట్లో నూటికి 97 వంతుల పైనే దేశం దాటుతుంది. భోజనం తర్వాత కోన్యాక్ అడిగే ఫ్రెంచివాళ్ళు ఫ్రాన్స్‌లో అరుదే.

రెండవ రోజు: నేల

కారు అద్దెకు తీసుకోండి, లేదా ఎవరైనా తీసుకెళ్ళేలా మాట్లాడుకోండి. రుచి చూసేవాళ్ళు బండి నడపకూడదు. ఫ్రాన్స్‌లో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాము. ఉమ్మే పాత్ర ప్రతి చోటా ఉంటుంది, అందులో ఉమ్మితే మర్యాద తక్కువని ఎవరూ అనుకోరు. మింగేవాళ్ళనే కొత్తవాళ్ళని పోల్చుకుంటారు.

ముందు ఆగ్నేయంగా సెగోంజాక్ వైపు. పదమూడు కిలోమీటర్లు. చుట్టూ అలలు అలలుగా దిబ్బలు, వాటి మీద బారులు తీరిన తీగలు, ఫిబ్రవరి కాబట్టి ఆకు లేదు, నేల కనిపిస్తుంది. తెల్లగా, బూడిద కలిపినట్టు ఉంటుంది. ఒక గడ్డ తీసి చేత్తో నలిపితే సుద్దముక్కలాగే వేళ్ళకు అంటుకుంటుంది. ఇదే గ్రాండ్ షాంపేన్. నురగ వచ్చే షాంపేన్‌తో సంబంధం లేదు, లాటిన్‌లో బయలు నేల అనే మాట రెండు చోట్లా అలా మిగిలిపోయింది. ఆంరీ కోకాన్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1857లో ఈ చుట్టుపక్కల రాతిపొరలు చూసి కోనియాసియన్, సాంటోనియన్, కంపానియన్ అని పేర్లు పెట్టాడు. ప్రపంచమంతా భూగర్భ పుస్తకాల్లో వాడే ఆ మూడు పేర్లలో మొదటిది ఈ ఊరిదే. సుద్ద స్పాంజిలా నీళ్ళు పట్టి ఉంచి, ఎండాకాలం మెల్లగా వేరుకు అందిస్తుంది. ఇక్కడి సరుకు కుర్రతనంలో మూతి ముడుచుకుని ఉంటుంది, పీపాలో ఇరవై ముప్పై ఏళ్ళు పడితేగానీ నోరు విప్పదు.

1909లో ప్రాంతం హద్దులు గీశారు, 1936లో అప్పెలాసియోన్, అంటే ప్రాంతపు పేరుకు చట్టపు రక్షణ, ఇచ్చారు, 1938లో లోపల ఆరు ముక్కలు చేశారు: గ్రాండ్ షాంపేన్, పెటిట్ షాంపేన్, బోర్డరీ, ఫాన్ బ్వా, బోన్ బ్వా, బ్వా ఆర్డినేర్. సీసా మీద ఫీన్ షాంపేన్ అని ఉంటే మొదటి రెండింటి మిశ్రమం అని, అందులో కనీసం సగం గ్రాండ్ షాంపేన్ అని అర్థం. రెమీ మార్టిన్ తన ఇంటి పేరంతా దీని మీద పెట్టింది.

మధ్యాహ్నం నదికి అవతల, ఊరికి వాయవ్యంగా బోర్డరీ. ఆరింటిలోనూ చిన్నది, దాదాపు 4,000 హెక్టార్లు. ఇక్కడ అడుగు పెడితే బూటుకు బంకమట్టి పట్టుకుంటుంది, మధ్యమధ్య చెకుముకి రాళ్ళు. సుద్దలోని సున్నం లక్షల ఏళ్ళుగా కొట్టుకుపోగా మిగిలిన నేల ఇది. ఇక్కడి సరుకులో వయొలెట్ పువ్వు, ఐరిస్ వేరు వాసన వస్తుంది, గ్రాండ్ షాంపేన్ కంటే తొందరగా పదునుకొస్తుంది. మార్టెల్ తరతరాలుగా వెతికి కొనేది ఈ నేల సరుకు. మొదటి రోజు ప్రశ్నకు ఒక ముక్క జవాబు ఇక్కడే దొరికింది: ఎక్కడ కొంటారో అది సగం రుచి.

తోటలో మనుషులుంటే ఆగి చూడండి, కత్తిరింపులు జరుగుతుంటాయి. బారుకూ బారుకూ మధ్య దాదాపు మూడు మీటర్లు వదులుతారు, కోత యంత్రం పోవాలి కనుక. తీగ నూటికి 98 వంతులు ఉన్యీ బ్లాన్, ఇటలీలో త్రెబ్బియానో అనే రకం. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబెషాహీ పండించిన రైతు దీన్ని నోట్లో వేసుకుంటే ఉమ్మేస్తాడు. అంత పులుపు. వీళ్ళకు కావలసింది ఆ పులుపే. ఇక్కడి వైన్‌లో గంధకం వేయకూడదు. వేస్తే బట్టీలో అదీ, దానితో కట్టుబడిన ఆల్డిహైడ్లూ పోగై ముక్కు మండే వాసన వస్తుంది, రాగీ పాడవుతుంది. గంధకం లేని వైన్‌ను డిసెంబర్ నుంచి మార్చి దాకా కాపాడేది పులుపు, చలి మాత్రమే. ఇక ఆల్కహాల్ 9 శాతం చుట్టూ ఉంటే చాలంటారు. లెక్క తేలిక: 9 నుంచి 70కి తీసుకెళ్తే వాసన దాదాపు ఎనిమిది రెట్లు చిక్కబడుతుంది, 12 నుంచి మొదలుపెడితే ఆరు రెట్లే.

19వ శతాబ్దంలో ఇక్కడ రాజ్యమేలింది ఫోల్ బ్లాంష్. 1870ల్లో ఫిలోక్సెరా అనే వేరుపేను పడింది. 2,80,000 హెక్టార్ల తోట 1893 నాటికి 40,000కు పడిపోయింది. అమెరికా తీగ వేరు మీద అంటు కడితే పేను ఏమీ చేయలేదని తెలిసింది, కానీ చాలా అమెరికా వేళ్ళు సుద్దలో బతకలేదు, ఆకు పసుపెక్కి చచ్చేవి. 1887లో పియెర్ వియాలా అనే ఫ్రెంచి ఆచార్యుడు సున్నపునేల తట్టుకునే అడవి ద్రాక్ష కోసం అమెరికా అంతా తిరిగాడు. టెక్సస్‌లోని డెనిసన్ ఊరివాడైన టి.వి. మున్సన్ దారి చూపించాడు. నేటికీ డెనిసన్, కోన్యాక్ జంట నగరాలు. అయితే అంటు కట్టిన ఫోల్ బ్లాంష్ గుత్తులు మరీ బిగుతుగా వచ్చి వానకు లోపల్నుంచి కుళ్ళేవి. అలా ఉన్యీ బ్లాన్ గెలిచింది. దానికి ఇంకో సుగుణం, ఆలస్యంగా చిగురిస్తుంది, వసంతపు మంచుకాటు చాలాసార్లు తప్పిపోతుంది. ఎప్పుడూ కాదు. 2017 ఏప్రిల్ చివర్లో చిగురు మాడింది.

మూడవ రోజు: బట్టీ

ఈ రోజుకు వేరే పని పెట్టుకోవద్దు. పెద్ద హౌస్‌ల బట్టీశాలలు చాలావరకు ఊరి బయట ఉంటాయి, లోపలికి అందరినీ రానివ్వరు. సొంతంగా కాచే రైతులు చాలామంది ఉన్నారు, ఫోన్ చేసి అడిగితే రమ్మంటారు. ఉదయం వెళ్ళి మధ్యాహ్నం దాకా ఉండండి. గదిలోకి అడుగుపెట్టగానే వెచ్చగా, ఉడికిన ఆపిల్ పండు వాసన, గ్యాస్ మంట చప్పుడు.

బట్టీని అలంబిక్ షారాంతే అంటారు. ఆదిలాబాద్‌లో కుండ మీద కుండ బోర్లించి ఇప్పసారా కాచడం చూసినవాళ్ళకు సూత్రం కొత్తేమీ కాదు. ఇటుకల పొయ్యిలో సగం దిగిన రాగి గంగాళం. దాని మీద ఉల్లిపాయలాంటి రాగి టోపీ. టోపీలోంచి వంగి పోయే గొట్టం హంసమెడ. అది పక్కనున్న మరో రాగి డబ్బా మధ్యలోంచి పోతుంది, ఆ డబ్బాలో తర్వాతి విడత వైన్ ఉంటుంది, ఆవిరి వేడికి ముందే వెచ్చబడుతుంది, ఇంధనం మిగులుతుంది. చివర చల్లటి నీళ్ళ తొట్టిలో చుట్టలు చుట్టుకుని దిగే గొట్టం, వాళ్ళూ దాన్ని పామనే పిలుస్తారు. అన్నీ రాగే. వేడి బాగా పాకుతుంది, పుల్ల వైన్‌కు తుప్పు పట్టదు, ముఖ్యంగా వైన్‌లో సహజంగా పుట్టే గంధకపు కంపును, కొన్ని కొవ్వు ఆమ్లాలను తనకు అంటించుకుని పట్టుకుంటుంది. అందుకే రాగి అరుగుతుంది, గంగాళం అడుగు, గొట్టం వంపులు కాలక్రమాన మార్చాల్సిందే. వైన్ వెచ్చబెట్టే డబ్బా దగ్గర జాగ్రత్త: వైన్ అక్కడ ఎక్కువసేపు వేడిగా ఉండిపోతే గాలి తగిలి వాసన చెడుతుంది. అందుకని ఆవిరిని ఆ డబ్బాలోకి పోనివ్వకుండా మళ్ళించే పక్కదారి ఒకటి ఉంటుంది. కొన్ని హౌస్‌లు ఆ డబ్బానే వద్దంటాయి.

మంట నేరుగా గంగాళానికి తగలాలి, ఆవిరి గొట్టాలతో వేడిచేయడం కుదరదు. ఒకప్పుడు కట్టెలు, తర్వాత బొగ్గు, ఇప్పుడు గ్యాస్. రెండో కాపు గంగాళం 30 హెక్టోలీటర్లు దాటకూడదు, అందులో 25 మించి పోయకూడదు, అంటే 2,500 లీటర్లు.

మొదటి కాపులో 2,500 లీటర్ల వైన్ పోస్తారు. ఎనిమిది నుంచి పది గంటలు. మూడో వంతుకు తగ్గుతుంది, 28 నుంచి 32 శాతం ఆల్కహాల్‌తో, కాస్త మసకగా. దాన్ని బ్రూయీ అంటారు. అలాంటి మూడు కాపుల బ్రూయీ కలిస్తే ఒక రెండో కాపుకు సరిపోతుంది. రెండో కాపు పేరు బోన్ షోఫ్, మంచి కాపు. పన్నెండు గంటల పని. కాచేవాడి తెలివంతా ఇక్కడే.

గొట్టం చివర గాజు గంటలాంటి చిన్న పాత్రలో ఆల్కహాల్ శాతం చూపే కొలబద్ద తేలుతుంటుంది. మొదట వచ్చే 25 నుంచి 40 లీటర్లు తల. ముక్కు దగ్గర పెడితే జిగురు, గోళ్ళరంగు వాసన. పక్కకు తీస్తారు. తర్వాత గుండె. కొలబద్ద 78 దగ్గర మొదలై నిదానంగా దిగుతుంది. ఆ దిగుడులో వాసన గంట గంటకూ మారుతుంది, ఒకే చోట నిలబడి చూస్తే ఇది అర్థమవుతుంది: ముందు పండు, తర్వాత పువ్వు, ఆ తర్వాత ఎండుగడ్డి, మసాలా. కొలబద్ద 60 చూపించగానే కోస్తారు. అప్పటికి 650 నుంచి 700 లీటర్లు చేరి, సగటున 70–72 శాతం ఉంటుంది. మిగిలింది రెండో రకం, అది మళ్ళీ బ్రూయీలోకో వైన్‌లోకో పోతుంది. ఎందులో కలపాలన్నది ఒక్కో హౌస్ పద్ధతి. తలను ఆలస్యంగా కోస్తే సరుకు గుచ్చుతుంది, ఆ గుచ్చుడు పీపాలో ఏళ్ళు పడినా పూర్తిగా పోదు. గుండె తర్వాత వచ్చే తోకను ఆలస్యంగా కోస్తే బరువుగా, ఉడికిన కాయగూరల వాసన. భయపడి ముందే కోస్తే శుభ్రంగా ఉంటుంది, కానీ అందులో పస ఉండదు, ఇరవై ఏళ్ళ ప్రయాణానికి ఓర్చుకోదు. చివర బొట్టు 18 డిగ్రీల దగ్గర చల్లగా రావాలి. వెచ్చగా వస్తే ఆల్కహాల్ గాల్లో పోతుంది, రాగికి అంటిన కొవ్వూ సరుకులోకి దిగుతుంది. మంట పెంచి తొందరపెడితే కోత గీతలన్నీ చెరిగిపోయి తలా తోకా గుండెలో కలుస్తాయి. ఇంతా చేస్తే తొమ్మిది లీటర్ల వైన్‌కు ఒక లీటరు.

ఇక మడ్డి సంగతి. వైన్ పులిశాక అడుగున చచ్చిన ఈస్టు మడ్డిలా దిగుతుంది. రెమీ మార్టిన్ ఆ మడ్డితో కలిపే, చిన్న బట్టీల్లో కాస్తుంది. మార్టెల్ మడ్డి తీసేసి తేట వైన్ మాత్రమే పోస్తుంది. మడ్డిలో ఉండే కొవ్వు ఎస్టర్లు సరుకుకు బరువు, నోట్లో నిలిచే గుణం, పొడుగాటి ఆయుష్షు ఇస్తాయి. కానీ మడ్డి గంగాళం అడుక్కి దిగి మాడితే అంతే సంగతులు. మాడిన పాల వాసన లాంటిదేదో కాపంతటికీ పడుతుంది. వాళ్ళ యాసలో దానికి రీమే అని వేరే మాటే ఉంది. అందుకని వైన్ మరిగేదాకా కలుపుతూ ఉండాలి. తేట వైన్‌తో ఆ భయం లేదు, పువ్వు వాసన స్పష్టంగా వస్తుంది, కానీ దాక్కోవడానికి చోటూ లేదు: వైన్‌లో ఏ చిన్న తప్పున్నా బయటపడుతుంది. ఒకరిది గొప్ప, ఒకరిది తక్కువ అనే వాదనలో మాకు నమ్మకం లేదు. బోర్డరీ పువ్వు వాసన కావాలనుకున్నవాడికి మడ్డి అడ్డం. గ్రాండ్ షాంపేన్‌ను ముప్పై ఏళ్ళు దాచుకునేవాడికి మడ్డి పెట్టుబడి. నేలకూ కాపుకూ పొత్తు కుదరాలి, అంతే.

నాలుగవ రోజు: చెక్క, చీకటి

ఉదయం పీపాలు చేసేచోటు. ఊరిని ఆనుకున్న మెర్పాన్‌లో సెగాన్ మోరో లాంటి పెద్ద కర్మాగారాలున్నాయి. వందేళ్ళు పైబడిన ఓక్ దుంగను రంపంతో కోయరు, గొడ్డలి పద్ధతిలో నిలువునా చీలుస్తారు. రంపం చెక్క లోపలి అడ్డనాళాలను కోసేస్తే పీపా కారుతుంది. చీలిస్తే వృథా ఎక్కువ, దుంగలో నాలుగో వంతో అయిదో వంతో మాత్రమే పలకలవుతుంది. ఆ పలకలు వానలో, ఎండలో మూడేళ్ళు పేర్చి ఉంచుతారు. పొయ్యిలో ఎండబెట్టిన పలక త్వరగా తయారవుతుంది కానీ దాని వగరు, చేదు వాన కడగలేదు కదా, అవి బ్రాండీలోకి దిగుతాయి. తర్వాత లోపల మంట, బయట తడిగుడ్డ, ఉక్కుతాడు బిగించి వంచుతారు. మేకు లేదు, జిగురు లేదు. లోపలివైపు ఎంత కాల్చారన్నదాన్ని బట్టి వనిల్లా, వేయించిన బాదం, కాల్చిన రొట్టె వాసనలు.

అడవులు రెండు రకాలు. లిమూజాన్ ఓక్ పోగు వెడల్పు, వగరు ఎక్కువ, చురుగ్గా దిగుతుంది. ట్రోన్సే ఓక్ పోగు సన్నం, మెల్లగా ఇస్తుంది. ట్రోన్సే అడవిని పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ నౌకాదళం ఓడల కోసం పెంచమన్నాడు. మార్టెల్ సన్నపోగు చెక్క ఎంచుకుంటుంది, రెమీ మార్టిన్ లిమూజాన్. నిన్నటి లెక్కే మళ్ళీ: పువ్వు వాసన సన్నటి సరుకు మీద గట్టి చెక్క కూర్చుంటుంది, బరువైన సరుకైతే మోస్తుంది.

మధ్యాహ్నం షే, అంటే పీపాల గోదాము. నేలమాళిగ కావలసిన పని లేదు, చాలావరకు నేల మీదే, మట్టి నేలతో ఉంటాయి. పీపా సాధారణంగా 350 లీటర్లు. కొత్త సరుకు ముందు కొత్త పీపాలో కొద్ది నెలలు ఉంటుంది, రంగూ వగరూ ఎక్కుతాయి. అక్కడే వదిలేస్తే చెక్క నమిలినట్టుంటుంది, కాబట్టి పాత పీపాలోకి మారుస్తారు. ఏటా దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారు. నది పక్కన తడి షేలో నీటి కంటే ఆల్కహాల్ ఎక్కువ పోతుంది, సరుకు మెత్తబడుతుంది. మిట్ట మీది పొడి షేలో నీరు ఎక్కువ పోతుంది, సరుకు గట్టిగా, ఎండుగా తయారవుతుంది. గోదాము యజమాని ఒకే పీపాను కొన్నేళ్ళు అక్కడ, కొన్నేళ్ళు ఇక్కడ పెట్టి సరిచేసుకుంటాడు. 

లోపలి గదికి పారడీ అని పేరు, స్వర్గం. ఇనప కటకటాలు, వెనక పాతవి. యాభై అరవై ఏళ్ళ తర్వాత చెక్క ఇచ్చేది ఏమీ ఉండదు, పుచ్చుకోవడమే. అప్పుడు సరుకును వెదురుబుట్టల్లాంటి అల్లిక చుట్టిన పెద్ద గాజు జాడీల్లోకి తీసి మూత బిగిస్తారు. గాజులో పడ్డాక వయసు ఆగిపోతుంది. కొన్ని పాత పీపాలకు ఇనప కట్లు కాకుండా చెస్ట్‌నట్ కర్ర కట్లు కనిపిస్తాయి. వాటికి పురుగు పడుతుంది, పురుగును తినే సాలీళ్ళు గూడు కట్టుకుంటాయి. కాబట్టి సాలెగూళ్ళు దులపరు. చేయి పెట్టకండి.

ఇక్కడ గాలి పీలిస్తే రాన్సియో అనే మాట అర్థమవుతుంది. కొవ్వు ఆమ్లాలు దశాబ్దాల తరబడి గాలి సోకి మారితే వచ్చే వాసన. అక్రోట్ అంటారు, పుట్టగొడుగంటారు. మా ముక్కుకు మాత్రం అటక మీది పాత నెయ్యి జాడీ మూత తీసినట్టు ఉంటుంది.

అయిదవ రోజు: మార్టెల్

హౌస్ ఊరి నడిబొడ్డున, ఎదువార్ మార్టెల్ పేరుగల కూడలి పక్కనే. 1753లో జాన్ మార్టెల్ పోయాక భార్య రాషెల్ లాలమాన్ పుట్టింటివాళ్ళ సాయంతో వ్యాపారం నిలబెట్టింది. 1980ల చివర్లో సీగ్రామ్ చేతిలోకి, 2001లో పెర్నో రికార్ చేతిలోకి వెళ్ళింది. యాజమాన్యం మారినా తేట వైన్, బోర్డరీ, సన్నపోగు చెక్క మారలేదు. అదే ఆస్తి, సీసా మీది పక్షి బొమ్మ కాదు.

కలిపే గదిలో వందల చిన్న సీసాలు, ఒక్కోటి ఒక్కో పీపా నమూనా. కలపడం అంటే బాగున్నవన్నీ కలిపేయడం కాదు. నిరుటి రుచి ఈ ఏడాదీ రావాలి, కానీ నిరుటి సరుకు అయిపోయింది. నీళ్ళు కలిపి 70 నుంచి 40కి దించాలి, అదీ నెలలు, ఏళ్ళ మీద కొద్దికొద్దిగా. ఒక్కసారి పోస్తే సబ్బు రుచి తేలుతుంది, మసక కమ్ముతుంది. చాలాచోట్ల నీళ్ళకు బదులు పలచటి బ్రాండీ నీళ్ళు వాడతారు. సీసాలో పోసేముందు చల్లబరిచి వడగడతారు. రంగు ఒకేలా ఉండటానికి కారమెల్, కాస్త చక్కెర, ఓక్ ముక్కల కషాయం చట్టం ఒప్పుకుంటుంది. బంగారు రంగు చూసి వయసు కట్టకండి.

వయసు ఏప్రిల్ 1 నుంచి లెక్క. మిశ్రమంలో అన్నిటికన్నా చిన్నదాని వయసే సీసాది: వీఎస్‌కు 2 ఏళ్ళు, వీఎస్ఓపీకి 4, నెపోలియన్‌కు 6, ఎక్స్ఓకు 10. ఎక్స్ఓ 2018 దాకా 6 ఏళ్ళే, కాబట్టి పాత నిల్వ సీసా కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

రుచికి రెండు గ్లాసులు అడగండి: మార్టెల్ కోర్డన్ బ్లూ, 1912 నాటిది, బోర్డరీ వాటా ఎక్కువ. పక్కన ఎక్కడైనా బార్‌లో రెమీ మార్టిన్ ఎక్స్ఓ. గ్లాసు తులిప్ ఆకారంలో ఉండాలి. పెద్ద బొజ్జ గ్లాసు, అరచేతి వేడి, కొవ్వొత్తి సినిమాల్లో బాగుంటాయి, ముక్కుకు ఆల్కహాల్ పొగే చేరుతుంది. రెండు సెంటీలీటర్లు చాలు. తిప్పకుండా నాలుగు వేళ్ళ దూరంలో మొదటి వాసన. అంచు దగ్గర రెండోది. తిప్పి మూడోది. తర్వాత ఒక చుక్క నాలుక మీద, అది మంటకు అలవాటు పడ్డాకే అసలు గుక్క. కోర్డన్ బ్లూలో పువ్వు, నారింజ తొక్క, మసాలా రొట్టె వరసగా విడివిడిగా వస్తాయి. రెమీలో ఎండు ఆప్రికాట్, అత్తి, వెన్నలాంటి బరువు అన్నీ ఒకేసారి నోరంతా పరుచుకుంటాయి. నీళ్ళు పక్కన ఉంచుకోండి, గ్లాసులో పోయకండి.

కొనేవాళ్ళకు: ఇండియాలో దిగేటప్పుడు మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు, ఆపైన సుంకం మోత. చెక్-ఇన్ పెట్టెలో, సీలు తీయకుండా, బట్టల మధ్య. రైతు దగ్గర బట్టీ నుంచి నేరుగా తీసిన 70 శాతం దాటిన సరుకు విమానంలోకి రానివ్వరు, అడగడమే దండగ. ఇంట్లో సీసా నిలబెట్టి ఉంచండి, పడుకోబెడితే ఆల్కహాల్ కార్కును తినేస్తుంది.

ఆ రాత్రి బసలో ఈ రెండే చెరో గ్లాసులో పోసుకుంటే, తాగాక గ్లాసులు కడగకుండా బల్ల మీదే వదిలేయండి. తెల్లారి రైలుకు బయల్దేరేముందు ఎండిపోయిన ఆ రెండిట్లోనూ ముక్కు పెట్టండి. ఆల్కహాల్ పూర్తిగా పోయి ఉంటుంది. ఒకదాంట్లో సన్నగా వనిల్లా, ఎండిన పువ్వు. రెండోదాంట్లో మొన్నటి పాత నెయ్యి జాడీ.